డివైస్ ఫర్మ్‌వేర్‌ను కెర్నల్‌కు ఏ దారిలో అందించాలి: ఎంపికకు ముందు ఒక పోలిక

బూట్ అవుతున్న మెషీన్‌లో, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన లినక్స్ కెర్నల్ రాసే లాగ్‌లో “డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్ ఫర్ రెగ్యులేటరీ.డీబీ ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2” అనే వాక్యం కనిపించిందనుకుందాం. లాగిన్ అయ్యి చూస్తే ఆ ఫైలు ఉండవలసిన ఫోల్డర్‌లోనే, సరైన పేరుతో, సరైన అనుమతులతో ఉంటుంది. ఎర్రర్ -2 అంటే మాత్రం అలాంటి ఫైలు లేదని అర్థం. చాలామంది ఇక్కడ అయోమయపడి ప్యాకేజీని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మరుసటి బూట్‌లో అదే వాక్యం మళ్లీ వస్తుంది. నిజానికి ఫైలులోగానీ ప్యాకేజీలోగానీ లోపం లేదు. డ్రైవర్ (డివైస్‌ను నడిపే కెర్నల్ భాగం) ఆ ఫైలును అడిగిన క్షణానికి, అది ఉన్న ఫైల్‌సిస్టమ్ ఇంకా మౌంట్ కాలేదు, అంటే వాడకానికి అందుబాటులోకి రాలేదు.

లినక్స్ కెర్నల్‌కు ఫర్మ్‌వేర్ (డివైస్ లోపలి చిప్పులో నడిచే ప్రోగ్రామ్) అందించడానికి ఉన్న దారులన్నిటినీ పోల్చేటప్పుడు నేను ముందుగా చూసేది ఈ సమయాన్నే. ఫైలు ఎంత పెద్దది, ఎంత తరచుగా మారుతుంది, దాని లైసెన్సు ఏమిటి అన్నవి కూడా ముఖ్యమే. అయితే డ్రైవర్ ఎప్పుడు అడుగుతుంది, ఆ క్షణానికి ఫైలు ఎక్కడ ఉంటే కెర్నల్‌కు అందుతుంది అన్న ప్రశ్నకు జవాబు తేలకుండా మిగతావాటి గురించి ఆలోచించడం వల్ల ప్రయోజనం లేదు. ఈ వ్యాసం స్వయంగా కెర్నల్ బిల్డ్ చేసుకునేవారికీ, ఎంబెడెడ్ బోర్డులకు సిస్టమ్ ఇమేజ్ తయారుచేసేవారికీ, డ్రైవర్ రాసేవారికీ ఉద్దేశించినది.

కెర్నల్ ఏ వరుసలో వెతుకుతుంది

వైఫై చిప్పులు, గ్రాఫిక్స్ కార్డులు, బ్లూటూత్, కొన్ని నెట్‌వర్క్ కార్డులు కరెంటు పోగానే తమ ప్రోగ్రామ్‌ను మరచిపోతాయి. ప్రతి బూట్‌లోనూ డ్రైవర్ ఆ ప్రోగ్రామ్ ఉన్న బైనరీ ఫైలును కెర్నల్‌లోని ఫర్మ్‌వేర్ లోడర్‌ను అడిగి తీసుకొని చిప్పులోకి ఎక్కిస్తుంది. పైన చెప్పిన రెగ్యులేటరీ.డీబీ నిజానికి ఫర్మ్‌వేర్ కాదు, దేశాలవారీ రేడియో నియమాల పట్టిక. అయినా అది కూడా ఇదే లోడర్ ద్వారా వస్తుంది కనుక దాని కష్టాలూ ఇవే.

అడిగిన పేరు కోసం లోడర్ మొదట కెర్నల్ ఇమేజ్‌లోనే అంతర్భాగంగా చేర్చిన ఫైళ్లను చూస్తుంది. అక్కడ లేకపోతే, సస్పెండ్ సమయంలో దాచుకున్న కాష్ ఉంటే దాన్ని చూస్తుంది. ఆ తరువాత నేరుగా ఫైల్‌సిస్టమ్‌లోకి వెళుతుంది. ఫైల్‌సిస్టమ్‌లో కూడా ఒక క్రమం ఉంది: కెర్నల్ పారామీటర్ ద్వారా మీరు ఇచ్చిన ప్రత్యేక పాత్ ఉంటే మొదట అది, తరువాత /లిబ్/ఫర్మ్‌వేర్ కింద ఉండే అప్‌డేట్స్ ఫోల్డర్‌లో నడుస్తున్న కెర్నల్ వెర్షన్ పేరుతో ఉన్న ఫోల్డర్, తరువాత అప్‌డేట్స్ ఫోల్డర్, తరువాత /లిబ్/ఫర్మ్‌వేర్ కిందే కెర్నల్ వెర్షన్ పేరుతో ఉన్న ఫోల్డర్, చివరగా /లిబ్/ఫర్మ్‌వేర్. ఇవన్నీ విఫలమైనప్పుడు, అలా కాన్ఫిగర్ చేసి ఉంటేనే, యూజర్‌స్పేస్ (కెర్నల్ బయట నడిచే మామూలు ప్రోగ్రాముల) సాయం అడిగే ఫాల్‌బ్యాక్ అనే ప్రత్యామ్నాయం పనిచేస్తుంది.

ఈ వరుసలో ఒక సూక్ష్మం తెలియక గంటలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. కంప్రెస్ చేసిన ఫర్మ్‌వేర్‌కు మద్దతు 2019లో 5.3 కెర్నల్‌తో ఎక్స్‌జెడ్ రూపంలోనూ, 2022లో 5.19తో జెడ్‌స్టాండర్డ్ రూపంలోనూ వచ్చింది. కానీ లోడర్ ప్రతి ఫోల్డర్‌లోనూ మూడు రూపాలనూ చూసి ముందుకు సాగదు. మామూలు, కంప్రెస్ చేయని ఫైలు కోసం ఫోల్డర్లన్నీ తిరిగి, ఎక్కడా దొరకకపోతేనే కంప్రెస్ చేసిన రూపం కోసం మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. అందువల్ల మీరు కొత్త వెర్షన్‌ను కంప్రెస్ చేసి అప్‌డేట్స్ ఫోల్డర్‌లో పెట్టి, పాత వెర్షన్‌ను కంప్రెస్ చేయకుండా /లిబ్/ఫర్మ్‌వేర్‌లోనే వదిలేస్తే, గెలిచేది పాతదే. ఎక్స్‌జెడ్ వాడేవారు సీఆర్‌సీ32 చెక్‌తోగానీ, ఏ చెక్ లేకుండాగానీ కంప్రెస్ చేయాలన్నది కూడా గుర్తుంచుకోవాలి. కెర్నల్‌లోని డీకంప్రెసర్ ఎక్స్‌జెడ్ సాధనం మామూలుగా వాడే చెక్‌ను అర్థం చేసుకోదు.

మొదటి దారి: డ్రైవర్ మాడ్యూల్‌గా, ఫైలు రూట్ ఫైల్‌సిస్టమ్‌లో

ప్రత్యేకమైన కారణం ఏదీ లేనప్పుడు ఎంచుకోవలసినది ఇదే. డ్రైవర్‌ను మాడ్యూల్‌గా, అంటే కెర్నల్ నడుస్తుండగా విడిగా లోడ్ చేయగల ఫైలుగా, బిల్డ్ చేస్తారు. రూట్ ఫైల్‌సిస్టమ్ (సిస్టమ్ ఫైళ్లు ఉండే ప్రధాన ఫైల్‌సిస్టమ్) మౌంట్ అయ్యాక, డివైసులను చూసుకునే యూడెవ్ అనే ప్రోగ్రామ్ ఆ మాడ్యూల్‌ను లోడ్ చేస్తుంది. అప్పటికి /లిబ్/ఫర్మ్‌వేర్ అందుబాటులో ఉంటుంది కనుక సమయం సమస్యే తలెత్తదు. ఫర్మ్‌వేర్ మారినప్పుడు ప్యాకేజీని అప్‌డేట్ చేసి మాడ్యూల్‌ను తీసి మళ్లీ వేస్తే చాలు. చాలా డివైసుల విషయంలో రీబూట్ కూడా అక్కరలేదు.

ఇంత సాదాగా కనిపించే ఈ దారి కెర్నల్‌లోకి రావడానికి ఒక చరిత్ర ఉంది. పూర్వం ఫైలు చదివే పని యూజర్‌స్పేస్‌లోని యూడెవ్‌దే. 2012లో యూడెవ్ పనితీరు మారినప్పుడు, మాడ్యూల్ లోడ్ అవుతూనే ఫర్మ్‌వేర్ అడిగే డ్రైవర్లు ఇరుక్కుపోయాయి: మాడ్యూల్ లోడ్ పూర్తయ్యే వరకు యూడెవ్ తరువాతి పనికి వెళ్లదు, ఫర్మ్‌వేర్ అందే వరకు మాడ్యూల్ లోడ్ పూర్తికాదు. ఆ వివాదం ముదిరాక కెర్నలే నేరుగా ఫైల్‌సిస్టమ్ నుంచి చదివే పద్ధతి అదే ఏడాది డిసెంబరులో విడుదలైన 3.7 కెర్నల్‌లోకి వచ్చింది. 2014లో, యూడెవ్‌ను తనలో కలుపుకున్న సిస్టమ్‌డీ 217 వెర్షన్ యూడెవ్ నుంచి ఫర్మ్‌వేర్ లోడింగ్‌ను పూర్తిగా తీసేసింది. ఈ సంగతి తెలియకుండా పాత గైడ్లు చదివి యూడెవ్ రూల్స్ రాస్తూ కూర్చునేవారు ఇప్పటికీ కనిపిస్తారు. సాధారణ డిస్ట్రోలలో (డెబియన్ వంటి లినక్స్ పంపిణీలలో) ఆ రూల్స్ చదివేవారే ఇప్పుడు లేరు.

ఈ దారి పనికిరాని సందర్భాలు రెండే. రూట్ ఫైల్‌సిస్టమ్ మౌంట్ కావడానికే ఆ డివైస్ కావలసి ఉండడం మొదటిది: ఫర్మ్‌వేర్ కోరే స్టోరేజ్ కంట్రోలర్, లేదా నెట్‌వర్క్ ద్వారా రూట్ వచ్చే మెషీన్‌లో ఫర్మ్‌వేర్ కోరే నెట్‌వర్క్ కార్డు. రెండవది, బూట్ మొదట్లోనే తెర కావలసి ఉండడం: డిస్క్ పాస్‌వర్డ్ అడిగే తెర గ్రాఫిక్స్ డ్రైవర్ మీద ఆధారపడితే ఆ డ్రైవర్ తన ఫర్మ్‌వేర్‌ను రూట్ కంటే ముందే అడుగుతుంది.

రెండవ దారి: ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో ఫైలు

రూట్ కంటే ముందే ఫర్మ్‌వేర్ కావలసి వచ్చినప్పుడు నా మొదటి సిఫారసు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్. బూట్‌లోడర్ కెర్నల్‌తో పాటు మెమరీలోకి తెచ్చే ఈ చిన్న ఫైల్‌సిస్టమ్‌ను కెర్నల్ తన ఇనిట్‌కాల్ (ప్రారంభ) దశల్లో చాలా ముందుగా, మామూలు డివైస్ డ్రైవర్లు మొదలయ్యే దశకు ముందే విప్పుతుంది. దీనివల్ల కలిగే మేలును చాలామంది గమనించరు: మాడ్యూల్‌గా కాక కెర్నల్‌లోనే బిల్డ్ చేసిన డ్రైవర్ కూడా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లోని /లిబ్/ఫర్మ్‌వేర్ నుంచి తన ఫైలును మామూలుగా చదువుకోగలదు. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉండాలి కనుక ఫర్మ్‌వేర్ కూడా కెర్నల్‌లోనే ఉండాలన్న అభిప్రాయం సరైనది కాదు.

ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను తయారుచేసే డ్రాకట్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్, ఎమ్‌కే‌ఇనిట్‌సీపీఐఓ వంటి సాధనాలు ఏ ఫైళ్లు చేర్చాలో ఎలా తెలుసుకుంటాయన్నది ఇక్కడ కీలకం. డ్రైవర్ రాసినవారు తాము వాడే ఫర్మ్‌వేర్ పేర్లను మాడ్యూల్ ఫర్మ్‌వేర్ అనే మాక్రోతో మాడ్యూల్‌లో రాసిపెడతారు. మాడ్‌ఇన్ఫో కమాండుకు ఫర్మ్‌వేర్ ఫీల్డ్ అడిగితే ఆ పేర్లే కనిపిస్తాయి. సాధనాలు కూడా వాటినే చదివి ఫైళ్లను కాపీ చేస్తాయి. అంటే డ్రైవర్ రచయిత ఒక పేరు రాయడం మరచిపోతే, లేదా హార్డ్‌వేర్ మోడల్‌ను బట్టి పేరును నడిచే సమయంలో కూర్చే డ్రైవర్ అయితే, ఆ ఫైలు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లోకి రాదు. అప్పుడు ఆయా సాధనం కాన్ఫిగ్ ఫైలులో ఆ పేరును మనమే చేర్చాలి.

ఇలా మాడ్యూల్ చేరి ఫర్మ్‌వేర్ చేరకపోవడం ఈ దారిలోని అతి చెడ్డ స్థితి. రెండూ చేరకపోతే డ్రైవర్ ఆలస్యంగా, రూట్ మౌంట్ అయ్యాక లోడ్ అయ్యి చక్కగా పనిచేస్తుంది. మాడ్యూల్ మాత్రమే చేరితే అది ముందే లోడ్ అయ్యి, ఫైలు దొరక్క ప్రోబ్‌లో (డివైస్‌ను మొదలుపెట్టే దశలో) విఫలమై, అలాగే ఉండిపోతుంది. కొన్ని క్షణాల తరువాత రూట్ మౌంట్ అయ్యి ఫైలు అందుబాటులోకి వచ్చినా, కెర్నల్ తనంతట తాను మళ్లీ ప్రయత్నించదు. మాడ్యూల్‌ను తీసి మళ్లీ వేస్తేనో, సిస్ఎఫ్ఎస్ (డివైసుల వివరాలను ఫైళ్లుగా చూపే కెర్నల్ ఏర్పాటు) ద్వారా డివైస్‌ను అన్‌బైండ్ చేసి బైండ్ చేస్తేనో డివైస్ లేస్తుంది. “బూట్‌లో రాదు, చేత్తో లోడ్ చేస్తే వస్తుంది” అనే ఫిర్యాదు విన్నప్పుడు నేను ముందుగా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లోని ఫైళ్ల జాబితా తీసి, మాడ్యూల్, ఫర్మ్‌వేర్ రెండూ ఉన్నాయో లేదో చూస్తాను. ఎల్ఎస్‌ఇనిట్ఆర్‌డీ, ఎల్ఎస్‌ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ వంటి కమాండ్లు ఆ పని నిమిషంలో చేసిపెడతాయి.

దీనికి చెల్లించే మూల్యం పరిమాణం. కొత్త తరం గ్రాఫిక్స్ కార్డుల ఫర్మ్‌వేర్ పదుల మెగాబైట్లు ఉంటుంది. చిన్న బూట్ పార్టిషన్‌లో రెండు మూడు కెర్నళ్లు ఉంచుకునేవారికి అది ఇబ్బందే. ఒక్క మెషీన్‌కే తయారుచేసే ఇమేజ్ అయితే అక్కడ ఉన్న హార్డ్‌వేర్‌కు కావలసినవే చేర్చే మోడ్ వాడితే సరిపోతుంది. పైగా ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారుచేయాలి. డిస్ట్రోలు దీన్ని తామే చేస్తాయి కానీ, చేత్తో ఫైలు కాపీ చేసినవారు దీన్ని మరచిపోయి పాత ఫర్మ్‌వేర్‌తోనే నెలలు గడుపుతారు.

సీపీయూ మైక్రోకోడ్‌ది వేరే దారి. అది డ్రైవర్ల కన్నా ఎంతో ముందే కావాలి కనుక ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ ముందు భాగంలో కంప్రెస్ చేయని ఒక చిన్న ఆర్కైవ్‌గా, నిర్దిష్టమైన పాత్‌లో ఉంచుతారు. కెర్నల్ దాన్ని ఏ ఫైల్‌సిస్టమ్ లేకుండానే వెతికి తీసుకుంటుంది.

మూడవ దారి: కెర్నల్ ఇమేజ్‌లోనే ఫర్మ్‌వేర్

ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ అనే కాన్ఫిగ్ ఐచ్ఛికంలో ఫైళ్ల పేర్లను ఖాళీలతో వేరుచేసి రాస్తే, బిల్డ్ సమయంలో అవి కెర్నల్ ఇమేజ్‌లో కలిసిపోతాయి. అవి ఉన్న ఫోల్డర్‌ను పక్కనే ఉన్న మరో ఐచ్ఛికంలో చెప్పవచ్చు. డ్రైవర్ ఎంత త్వరగా అడిగినా ఫైలు చేతికందే దూరంలో ఉంటుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ లేకుండా, డ్రైవర్లన్నీ కెర్నల్‌లోనే బిల్డ్ చేసుకొని నేరుగా బూట్ చేసే చిన్న బోర్డులకు ఇది సహజమైన ఎంపిక.

మొదట చెప్పిన రెగ్యులేటరీ.డీబీ వ్యవహారం ఇక్కడ బాగా కనిపిస్తుంది. వైర్‌లెస్ సబ్‌సిస్టమ్‌ను కెర్నల్‌లోనే బిల్డ్ చేసినప్పుడు అది రూట్ మౌంట్ కాకముందే ఈ ఫైలును అడుగుతుంది. అప్పుడు ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్‌లో రెగ్యులేటరీ.డీబీ పేరుతో పాటు దాని సంతకం ఉన్న రెగ్యులేటరీ.డీబీ.పీ7ఎస్ పేరు కూడా రాయాలి. సంతకం తనిఖీ ఆన్‌లో ఉన్న కెర్నల్‌లో మొదటి ఫైలు మాత్రమే ఉంటే పని జరగదు. సబ్‌సిస్టమ్‌ను మాడ్యూల్‌గా మార్చడం ఇంతకన్నా సులువైన పరిష్కారం, వీలైతే నేను దాన్నే చేస్తాను.

ఈ దారిలోని చిక్కులను మొదట్లోనే లెక్కలోకి తీసుకోవాలి. ఫర్మ్‌వేర్‌లో భద్రతా లోపం బయటపడి కొత్త ఫైలు వచ్చినప్పుడు కెర్నల్‌నే మళ్లీ బిల్డ్ చేసి పంపాలి. కెర్నల్‌లో కలిపిన ఫైలు వెతుకులాటలో అన్నిటికన్నా ముందు వస్తుంది కనుక, /లిబ్/ఫర్మ్‌వేర్‌లో కొత్త వెర్షన్ పెట్టినా దాన్ని ఎవరూ చదవరు. ఇతరులు తయారుచేసిన ఇమేజ్‌ను సరిదిద్దేవారిని ఇది చాలా ఇబ్బంది పెడుతుంది. కంప్రెస్ చేసిన ఫర్మ్‌వేర్ మద్దతు ఇక్కడ వర్తించదు కనుక ఫైలును విప్పిన రూపంలోనే ఇవ్వాలి. అన్నిటికన్నా మించినది లైసెన్సు: జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉన్న కెర్నల్ ఇమేజ్‌లో సోర్సు కోడ్ లేని బైనరీని కలిపి ఇతరులకు పంచితే చట్టపరమైన ప్రశ్న వస్తుందని, సందేహం ఉంటే న్యాయవాదిని అడగమని ఆ కాన్ఫిగ్ ఐచ్ఛికం సహాయ పాఠమే హెచ్చరిస్తుంది. సొంత మెషీన్ కోసం బిల్డ్ చేసుకునేవారికి ఈ చింత లేదు. వేల పరికరాలు అమ్మేవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒకప్పుడు కెర్నల్ సోర్సులోనే కొన్ని ఫర్మ్‌వేర్ ఫైళ్లు ఉండేవి. 2017లో వచ్చిన 4.14 నుంచి ఆ ఫోల్డర్‌ను తీసేశారు, లినక్స్-ఫర్మ్‌వేర్ అనే వేరు భాండారమే ఇప్పుడు అందరికీ మూలం.

బూట్‌లోడర్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను లోడ్ చేయలేని బోర్డు అయితే, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌నే కెర్నల్ ఇమేజ్‌లో కలిపి బిల్డ్ చేసే మధ్యేమార్గం కూడా ఉంది. అప్పుడు ఫర్మ్‌వేర్ ఫైళ్లు మామూలు ఫైళ్లలాగానే కనిపిస్తాయి, కంప్రెషన్ వర్తిస్తుంది, జాబితా చూసుకోవచ్చు. మూడు నాలుగు ఫైళ్లు దాటితే నాకు ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ కన్నా ఇదే నచ్చుతుంది.

నాల్గవ దారి: యూజర్‌స్పేస్ ఫాల్‌బ్యాక్, దానివల్ల నాకు ఎదురైన అనుభవం

ఫైల్‌సిస్టమ్‌లో దొరకనప్పుడు కెర్నల్ సిస్ఎఫ్ఎస్‌లో ఫర్మ్‌వేర్ పేరుతో ఒక ఫోల్డర్ సృష్టించి, యూజర్‌స్పేస్‌లో ఎవరైనా ఆ ఫైలును తెచ్చి పోస్తారని ఎదురుచూస్తుంది. సాయం చేసే ప్రోగ్రామ్ లోడింగ్ అనే ఫైలులో 1 రాసి, డేటా అనే ఫైలులో బైనరీని పోసి, మళ్లీ లోడింగ్‌లో 0 రాయాలి. వదులుకోవాలంటే -1 రాయాలి. ఎవరూ రాకపోతే కెర్నల్ 60 సెకన్లు ఆగి అప్పుడు విఫలమైందని చెబుతుంది.

ఆ 60 సెకన్ల విలువ నాకు ఒక బోర్డు మీద తెలిసింది. వేరొకరు ఇచ్చిన కాన్ఫిగ్ ఫైలుతో బిల్డ్ చేసిన కెర్నల్ అది. అందులో ఫాల్‌బ్యాక్‌ను తప్పనిసరి చేసే ఐచ్ఛికం ఆన్‌లో ఉంది, డ్రైవర్లు కెర్నల్‌లోనే ఉన్నాయి, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ లేదు. బూట్ మొదలైన రెండు సెకన్లకే సీరియల్ కన్సోల్ స్తంభించిపోయేది. మూడు నిమిషాల తరువాత ఏమీ జరగనట్టు బూట్ కొనసాగేది. బోర్డులోనో మెమరీలోనో లోపం ఉందని అనుకుంటూ నేను సగం రోజు పోగొట్టుకున్నాను. చివరకు లాగ్‌లోని సమయాలను వరుసగా చూస్తే, ఒకదాని తరువాత ఒకటిగా మూడు చోట్ల సరిగ్గా అరవై సెకన్ల ఖాళీ ఉంది, ప్రతి ఖాళీకి ముందు “ఫాలింగ్ బ్యాక్ టు సిస్ఎఫ్ఎస్ ఫాల్‌బ్యాక్ ఫర్” అంటూ ఒక ఫైలు పేరు ఉంది. అంటే మూడు ఫైళ్ల కోసం కెర్నల్ ఇంకా పుట్టని యూజర్‌స్పేస్‌ను మూడుసార్లు పిలిచి, ఒక్కొక్కసారి నిమిషం చొప్పున ఎదురుచూసింది. ఆ ఒక్క ఐచ్ఛికం ఆపి, మూడు ఫైళ్లనూ కెర్నల్‌లో కలిపాక బూట్ కొన్ని సెకన్లకు దిగింది.

అయినా ఈ దారిని పూర్తిగా కొట్టిపారేయలేము. ఫర్మ్‌వేర్ వేరే పార్టిషన్‌లో ఉండి అది ఎప్పుడు మౌంట్ అవుతుందో కెర్నల్‌కు తెలియని వ్యవస్థల్లో, ఎదురుచూడడం తెలిసిన యూజర్‌స్పేస్ ప్రోగ్రామ్ ఉండడం నిజంగా అవసరం. ఆండ్రాయిడ్‌లో యూఈవెంట్‌డీ అనే సేవ ఇప్పటికీ ఇదే పని చేస్తుంది: ఫర్మ్‌వేర్ ఉండగల ఫోల్డర్ల జాబితా దాని దగ్గర ఉంటుంది, అది వాటిలో వెతికి కెర్నల్‌కు పోస్తుంది. ఇలా స్పందించే ప్రోగ్రామ్ మీ వ్యవస్థలో ఉందని ఖాయంగా తెలిస్తేనే ఫాల్‌బ్యాక్ ఆన్ చేయండి. ఇప్పటికే ఆన్‌లో ఉన్న కెర్నల్‌ను మళ్లీ బిల్డ్ చేయలేని పరిస్థితి ఉంటే, ప్రోక్‌లోని కెర్నల్ విభాగం కింద ఫర్మ్‌వేర్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఫాల్‌బ్యాక్‌ను పట్టించుకోవద్దని చెప్పే స్విచ్ ఉంది. అయితే అది యూజర్‌స్పేస్ వచ్చాక మాత్రమే ఉపయోగపడుతుంది, నా బోర్డుకు జరిగినదానికి అది మందు కాదు. ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో ఉండడమే సమస్య అయితే ఫాల్‌బ్యాక్ అక్కరలేదు, ప్రత్యేక పాత్‌ను కెర్నల్ కమాండ్‌లైన్‌లో ఇస్తే సరిపోతుంది.

అరుదుగా అవసరమయ్యే మరో రెండు

కొన్ని టాబ్లెట్ల టచ్‌స్క్రీన్‌లకు కావలసిన ఫర్మ్‌వేర్‌ను పంచే అనుమతి ఎవరికీ లేదు, కానీ అది ఆ మెషీన్ యూఈఎఫ్ఐ (మెషీన్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) కోడ్‌లోనే దాగి ఉంటుంది. 2020లో వచ్చిన 5.8 కెర్నల్ నుంచి, తెలిసిన మోడళ్లలో ఆ భాగాన్ని మొదటి ఎనిమిది బైట్లు, పొడవు, ఎస్‌హెచ్ఏ256 విలువలతో పోల్చి బూట్ సమయంలోనే తీసి దాచుకునే ఏర్పాటు ఉంది. మీ మోడల్ ఆ పట్టికలో ఉంటే అదృష్టం. లేకపోతే ఈ దారి మీకు లేదు.

ఫర్మ్‌వేర్‌ను తన ఫ్లాష్‌లో శాశ్వతంగా దాచుకునే కార్డులది వేరే అవసరం. వాటికి ప్రతి బూట్‌లో ఫైలు ఎక్కించవలసిన పనిలేదు, నిర్వాహకుడు కోరినప్పుడే కొత్త వెర్షన్ రాయాలి. 5.19లో వచ్చిన ఫర్మ్‌వేర్ అప్‌లోడ్ ఇంటర్‌ఫేస్ ఇందుకోసమే: ఎంత మిగిలింది, ఏ దశలో ఉంది, ఏ తప్పు జరిగింది అన్నవి సిస్ఎఫ్ఎస్‌లో చూడవచ్చు, మధ్యలో రద్దు కోరవచ్చు. ఫ్లాష్ రాసే పనికి మామూలు ఫర్మ్‌వేర్ అభ్యర్థనను వాడే డ్రైవర్ రాయవద్దు. ఫైలు ఉన్న ప్రతి బూట్‌లోనూ ఫ్లాష్ రాసే ప్రమాదాన్ని మీరే తెచ్చుకున్నట్టవుతుంది.

డ్రైవర్ రాసేవారి ఎంపికలు

పై దారుల్లో ఏది నడుస్తుందో సిస్టమ్ తయారుచేసేవారు నిర్ణయిస్తారు, ఎప్పుడు అడగాలో డ్రైవర్ నిర్ణయిస్తుంది. మామూలు రిక్వెస్ట్ ఫర్మ్‌వేర్ ఫంక్షన్ ఫైలు వచ్చే వరకు నిద్రపోతుంది, అందువల్ల దాన్ని ప్రాసెస్ కాంటెక్స్ట్‌లోనే (నిద్రపోవడానికి వీలున్న చోటే) పిలవాలి. దాని నోవెయిట్ రూపం పనిని వర్క్‌క్యూకు (కెర్నల్ వెనుక నడిపే పనుల వరుసకు) అప్పగించి వెంటనే తిరిగివస్తుంది. ఫలితం కాల్‌బ్యాక్‌లో వస్తుంది, విఫలమైతే ఆ కాల్‌బ్యాక్‌కు శూన్య పాయింటర్ అందుతుంది, దాన్ని తనిఖీ చేయడం తప్పనిసరి.

ఇక్కడ ఒక బలమైన అపోహ ఉంది. నోవెయిట్ వాడితే రూట్ మౌంట్ అయ్యే వరకు కెర్నల్ ఆగుతుందని చాలామంది నమ్ముతారు. అది ఆగేది వర్క్‌క్యూ వంతు వచ్చే వరకే. ఆ వంతు రూట్ మౌంట్ కావడానికి ముందే రావచ్చు, వేగవంతమైన మెషీన్లలో అలా వస్తుంది కూడా. మీ ల్యాప్‌టాప్‌లో పనిచేసి మరొకరి మెషీన్‌లో విఫలమయ్యే డ్రైవర్ ఇలాగే పుడుతుంది. బూట్ వేగం కోసం, ప్రోబ్‌ను అడ్డుకోకుండా ఉండడం కోసం నోవెయిట్ వాడండి. రూట్ సమస్యకు పరిష్కారంగా వాడవద్దు. నెట్‌వర్క్ కార్డు వంటి డివైస్ అయితే ఇంటర్‌ఫేస్‌ను అప్ చేసినప్పుడు ఫర్మ్‌వేర్ అడగడం దీనికన్నా నమ్మదగినది, అప్పటికి యూజర్‌స్పేస్ ఉంటుందని తెలుసు కనుక.

ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది అనదగిన ఫైళ్లకు హెచ్చరిక రాయని నోవార్న్ రూపం వాడితే వినియోగదారులు అనవసరంగా కంగారుపడరు. కొన్ని వైఫై డ్రైవర్లు తమకు తెలిసిన అతి కొత్త వెర్షన్ నుంచి కిందికి ఒక్కొక్కటిగా అడుగుతూ వస్తాయి. దొరకని ప్రతి వెర్షన్‌కు ఒక ఎర్రర్ -2 వాక్యం పడితే, చివరికి సరైనది దొరికి డివైస్ చక్కగా నడుస్తున్నా లాగ్ చూసినవారికి ఏదో విరిగినట్టు కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న బఫర్‌లోకే నేరుగా చదివే ఇన్‌టు బఫ్ రూపం పెద్ద ఫైళ్లకు మెమరీ ఆదా చేస్తుంది.

సస్పెండ్ నుంచి లేచేటప్పుడు ఫైల్‌సిస్టమ్ ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు. అందుకే కెర్నల్ సస్పెండ్‌కు ముందు, డివైసులు ఇదివరకు అడిగిన ఫైళ్లను మెమరీలోకి చదివి ఉంచి, లేచిన పది సెకన్ల తరువాత వదిలేస్తుంది. ఇన్‌టు బఫ్ రూపంలో అడిగిన ఫైళ్లకు ఈ కాష్ వర్తించదు కనుక, లేచేటప్పుడు ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించవలసిన డివైస్ అయితే మెమరీ ఆదా కన్నా మామూలు రూపమే క్షేమం.

భద్రత దృష్టితో చూస్తే

సాధారణంగా కెర్నల్ ఫర్మ్‌వేర్ ఫైలు సంతకాన్ని తనిఖీ చేయదు. డివైసే తన ఫైలు సంతకాన్ని చూసుకుంటే సరే, లేకపోతే రూట్ అధికారం ఉన్నవారు పెట్టిన ఏ ఫైలైనా చిప్పులోకి వెళుతుంది. కెర్నల్ ఇమేజ్‌లో కలిపిన ఫర్మ్‌వేర్‌కు సెక్యూర్ బూట్ తనిఖీ చేసే కెర్నల్ సంతకమే రక్షణ. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను కెర్నల్‌తో కలిపి ఒకే సంతకం చేసిన ఇమేజ్‌గా బూట్ చేస్తే దానికీ అదే రక్షణ అందుతుంది, విడిగా ఉంటే అందదు. రూట్ ఫైల్‌సిస్టమ్ నుంచి చదివే దారిలో డిస్క్‌లోని డేటా మారలేదని తనిఖీ చేసే డీఎమ్-వెరిటీతో పార్టిషన్‌ను కాపాడుకోవచ్చు, ఫర్మ్‌వేర్ తనిఖీ చేయమని ఐఎమ్ఏ (ఫైళ్లను తనిఖీ చేసే కెర్నల్ వ్యవస్థ) విధానంలో రాయవచ్చు, లేదా 2016లో 4.7 కెర్నల్‌తో వచ్చిన లోడ్‌పిన్ వాడి మాడ్యూళ్లు, ఫర్మ్‌వేర్ అన్నీ ఒకే నమ్మదగిన ఫైల్‌సిస్టమ్ నుంచే రావాలని కట్టడి చేయవచ్చు. ఫాల్‌బ్యాక్ దారికి ఇలాంటి కట్టడి కష్టం, ఎందుకంటే అక్కడ కెర్నల్‌కు అందేది బైట్లే, అవి ఏ ఫైలు నుంచి వచ్చాయో దానికి తెలియదు.

ఎవరికి ఏది

డిస్ట్రో ఇచ్చిన కెర్నల్ వాడేవారు మాడ్యూల్, రూట్ ఫైల్‌సిస్టమ్ అన్న మొదటి దారిలోనే ఉండి, తెర తొందరగా కావాలంటే గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో చేరిందో లేదో చూసుకుంటే చాలు. డెబియన్ వాడేవారు 2023లో వచ్చిన 12వ విడుదల నుంచి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే ప్రత్యేక విభాగం ఉందని, పాత సోర్సుల జాబితాతో అప్‌గ్రేడ్ చేస్తే ఆ విభాగం పేరును చేత్తో చేర్చవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

సొంతంగా కెర్నల్ బిల్డ్ చేసుకునేవారికి నా సలహా, రూట్ మౌంట్‌కు అవసరమైన డ్రైవర్లు తప్ప ఫర్మ్‌వేర్ కోరే ప్రతి డ్రైవర్‌నూ మాడ్యూల్‌గానే ఉంచమని. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ వద్దనుకొని గ్రాఫిక్స్ డ్రైవర్‌ను కెర్నల్‌లోనే పెట్టుకున్నవారు ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్‌లో ఆ కార్డుకు కావలసిన పేర్లన్నీ రాయాలి. ఒక కార్డుకే పదికి పైగా ఫైళ్లు ఉండవచ్చు, ఒక్క పేరు తప్పినా తెర నల్లగా మిగులుతుంది. ముందు అదే డ్రైవర్‌ను మాడ్యూల్‌గా ఒకసారి బూట్ చేసి, లాగ్‌లో కనిపించే పేర్లను నకలు చేసుకుంటే ఆ కష్టం తగ్గుతుంది.

అమ్మకానికి పరికరాలు తయారుచేసేవారు మొదట లైసెన్సు, ఆ తరువాత అప్‌డేట్ విధానం చూడాలి. కెర్నల్‌నూ రూట్‌నూ ఎప్పుడూ కలిపే అప్‌డేట్ చేసే వ్యవస్థ అయితే ఇమేజ్‌లో కలపడానికి సాంకేతికంగా అభ్యంతరం లేదు. రేడియో ఫర్మ్‌వేర్ విడిగా, కెర్నల్ కన్నా తరచుగా మారుతుందని ముందే తెలిస్తే దాన్ని ఫైలుగానే ఉంచి, డ్రైవర్‌ను మాడ్యూల్‌గా చేయండి. ఫాల్‌బ్యాక్ ఐచ్ఛికాన్ని మాత్రం వేరొకరి కాన్ఫిగ్ నుంచి అలవాటుగా మోసుకురావద్దు. మీ ఇమేజ్ తయారైన రోజునే కాన్ఫిగ్ ఫైలులో యూజర్ హెల్పర్ అనే మాట వెతికి, ఫాల్‌బ్యాక్‌ను తప్పనిసరి చేసే వరుస ఆఫ్‌లో ఉందని చూసి, ఆ తరువాత ఒక ఫర్మ్‌వేర్ ఫైలును కావాలనే తీసేసి బూట్ చేసి, కెర్నల్ ఎంతసేపు ఆగుతుందో లాగ్ సమయాల్లో కొలవండి.